విషం ఒక శాఖ దగ్గర, విరుగుడు ఒక శాఖ దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు, అటవీ శాఖలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది మధిరకూ నందిగామకూ మధ్య, రెండు రాష్ట్రాల సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వ్యవసాయం చూసుకుంటున్నాను. మా ఇల్లు తెలంగాణలో ఉంది, చేలల్లో ఒక ముక్క ఆంధ్రలో ఉంది. పాము కరిస్తే మా ఊరివాళ్లం ఏ బండి ముందు దొరికితే ఆ బండి ఎక్కి, అది ఎటు పోతే అటువైపు ఆసుపత్రికి పరుగెడతాం. అందుకే రెండు ప్రభుత్వాలకూ కలిపి రాస్తున్నాను. అటవీ శాఖను కూడా ఎందుకు కలిపానంటే, పాముకాటు మందు పాము కోరల్లోని విషంతోనే తయారవుతుంది. ఆ పాము మీ సంరక్షణలో ఉన్న జంతువు.

మా తమ్ముడి కూతురు పోయి ఈ శ్రావణానికి తొమ్మిదేళ్లు. అప్పుడు ఐదో తరగతి. ఉక్కగా ఉందని వాళ్లమ్మ పక్కన వసారాలో చాప మీద పడుకుంది. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి అంటూ లేచింది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, రక్తపు చుక్క లేదు. ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. తెల్లవారుజామున "పెదనాన్నా, కళ్లు తెరుచుకోవట్లేదు" అంది. రెప్పలు వాలిపోతున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు, కట్లపాము అని. మేం వెళ్లిన మొదటి ఆసుపత్రిలో పాముకాటు మందు ఏఎస్‌వీ ఫ్రిజ్‌లోనే ఉంది. ఎక్కించడానికి ఎవరూ ముందుకు రాలేదు. "రియాక్షన్ వస్తే మా మీదికొస్తుంది, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్నారు. దారిలోనే పాప ఊపిరి ఆగిపోయింది. బండిలో ఊపిరి అందించే అంబు బ్యాగ్ పెట్టి గంటో రెండు గంటలో చేత్తో నొక్కుతూ ఉండగలిగిన మనిషి ఒక్కరున్నా బతికేదేమోనని తర్వాత ఒక మత్తు డాక్టరుగారు నాతో అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఆ రాత్రి అక్కడ జరిగింది చాలా చోట్ల జరుగుతోంది.

కట్లపాము సంగతి ఇంకొంచెం చెప్పాలి. రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. కరిచినట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. కొందరికి మొదట వచ్చేది కడుపునొప్పి, వాంతి. దాని విషంలోని కొన్ని ప్రోటీన్లు నరం కొసను, అంటే కండరానికి ఆజ్ఞ అందించే చోటును, లోపలినుంచే పాడుచేస్తాయి. ఆ పాడు జరిగిపోయాక ఎన్ని వయల్స్ (మందు సీసాలు) ఎక్కించినా వెనక్కి రాదు. నరం కొస మళ్లీ పెరిగేదాకా, కొన్ని రోజులపాటు, మనిషికి ఊపిరి మనం అందించాలి. అందించగలిగితే లేచి నడుచుకుంటూ ఇంటికి వెళతాడు. కాబట్టి వానాకాలంలో తెల్లవారుజామున ఎవరైనా కడుపునొప్పితో వస్తే "రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అని అడగడం ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి ఆర్ఎంపీ నోట అలవాటు కావాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. సగటున ఏడాదికి 58,000 మంది. ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎలా పోయారో బంధువులను అడిగి రాసుకున్న వివరాల నుంచి ఈ లెక్క తీశారు. చనిపోయినవాళ్లలో నాలుగో వంతు పదిహేనేళ్లలోపు పిల్లలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంతకుముందు అదే పద్ధతిలో 2005కు తీసిన లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంతు 5,200 మరణాలు. ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే. ఆసుపత్రి రికార్డుల్లో కనిపించే సంఖ్యలకూ ఈ సంఖ్యలకూ పొంతన ఉండదు. కారణం, పోయినవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. మా వైపు రాత్రిపూట పాము అనే మాట పలకరు, "పురుగు ముట్టింది" అంటారు. ఆ పురుగు ఏమిటో రాసుకునే పుస్తకం ఎక్కడా లేదు.

ఇప్పుడు ఈ లేఖ రాయడానికి అసలు కారణానికి వస్తాను. గత రెండేళ్లలో పాముకాటు మందు మీద ప్రపంచంలో జరిగిన పరిశోధన నాకు చాలా ఆశ కలిగించింది. అదే సమయంలో, మనం ఇప్పుడే కదలకపోతే ఆ మందు మన దాకా రాదేమోనన్న భయం కూడా పట్టుకుంది.

మనం ఇప్పటికీ వాడుతున్న మందు పద్ధతి 1890ల నాటిది. ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ కాల్మెట్ సైగాన్‌లో వరదల తర్వాత నాగుపాము కాట్లు చూసి, జంతువులకు కొద్దికొద్దిగా విషమిచ్చి వాటి రక్తంలో తయారైన విరుగుడును మనుషులకు ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజుకీ అంతే. గుర్రానికి నాలుగు పాముల విషం కొంచెం కొంచెంగా ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. గుర్రం రక్తంలో విషాన్ని పట్టుకుని విరిచే ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. వాటిని వేరుచేసి, శుద్ధి చేసి, ఎండబెట్టి వయల్స్‌లో నింపుతారు. ఈ మందే లక్షలమందిని బతికించింది. దాన్ని తక్కువచేసి మాట్లాడితే పాపం.

కానీ దాని లెక్క చూడండి. మన ప్రమాణాల ప్రకారం ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరవాలి. పది మిల్లీలీటర్ల వయల్ ఆరు మిల్లీగ్రాములు విరుస్తుంది. రక్తపింజరి ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాములు దించుతుంది. అందుకే మొదటి విడతలోనే పది వయల్స్ దాకా పెట్టమంటారు. అన్ని వయల్స్‌లో ఎక్కేది గుర్రపు ప్రోటీను. అందులో పాము విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు తక్కువ వంతు. గుర్రం తన జీవితంలో చూసిన ఇతర సూక్ష్మజీవుల మీద తయారుచేసుకున్నవే ఎక్కువ. మనిషి ఒళ్లు ఆ పరాయి ప్రోటీను మీద తిరగబడితే దద్దుర్లు, చలి, బీపీ పడిపోవడం. మా పాప విషయంలో అక్కడివాళ్లు భయపడింది దీనికే. ఆ భయం నిజమైనదే. అడ్రినలిన్ సిరంజి పక్కన పెట్టుకుని, చూసుకుంటూ ఎక్కిస్తే దాన్ని దాటొచ్చన్నదీ నిజమే.

గుర్రం లేకుండా, కావలసిన యాంటీబాడీని మాత్రమే మనిషి రకంలో ప్రయోగశాలలో తయారుచేసుకోగలమా? 2024లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థవాళ్లతో కలిసి చేయగలమని చూపించారు. కృత్రిమంగా తయారుచేసిన కోట్లాది మానవ యాంటీబాడీల నుంచి జల్లెడ పట్టి ఒకదాన్ని తీశారు. నాగుపాములు, కట్లపాములు, ఆఫ్రికాలోని మాంబా పాముల విషాల్లో ఉమ్మడిగా ఉండే ఒక రకం నరాల విషాన్ని అది పట్టుకుంటుంది. రకరకాల పాముల్లో ఆ విషం కొద్దికొద్ది తేడాలతో ఉన్నా, అన్నిటిలోనూ మారకుండా ఉండే ఒక చోటును ఆ యాంటీబాడీ కరుచుకుంటుంది. ఎలుకలు బతికాయి.

2025 మే నెలలో ఇంకొకటి వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన టిమ్ ఫ్రీడీ అనే ఆయన, ఒకప్పుడు ట్రక్కుల మెకానిక్, పద్దెనిమిదేళ్లపాటు తన ఒంట్లోకి తానే రకరకాల పాముల విషం ఎక్కించుకున్నాడు. 850కి పైగా సార్లు. ఒక దశలో కాట్లు తిని కోమాలోకి కూడా వెళ్లొచ్చాడు. ఎవరూ ఎప్పుడూ చేయకూడని పని అది, నా పాత విద్యార్థులెవరైనా చదువుతుంటే మరీ మరీ చెబుతున్నాను. ఆయన రక్తం నుంచి జేకబ్ గ్లాన్‌విల్, పీటర్ క్వాంగ్ బృందం రెండు యాంటీబాడీలు వెలికితీసింది. వాటికి వారెస్‌ప్లాడిబ్ అనే చిన్న రసాయన మందును జతచేసి ఎలుకల మీద పరీక్షించింది. నాగుపాము కుటుంబానికి చెందిన 19 జాతుల విషాల్లో 13 జాతుల నుంచి పూర్తిగా, మిగిలిన ఆరింటి నుంచి కొంతవరకు కాపాడగలిగింది.

అదే ఏడాది అక్టోబరులో డెన్మార్క్ శాస్త్రవేత్తల పని వచ్చింది. ఒంటె జాతికి చెందిన లామా, అల్పాకాలకు విషమిచ్చి, వాటి ఒంట్లో తయారయ్యే బుల్లి యాంటీబాడీల్లో ఎనిమిదింటిని కలిపి ఒక మందు చేశారు. నానోబాడీలు అంటారు వీటిని. చిన్నవి కాబట్టి కండలోకి, కాటు చుట్టూ ఉన్న చోటులోకి తొందరగా చొచ్చుకుపోతాయి. ఆఫ్రికాలోని 18 జాతుల నాగులు, మాంబాలు, ఇలాంటి పాముల విషాల మీద పెట్టి చూస్తే 17 జాతుల మీద పనిచేసింది.

ఆఫ్రికా పాముల విషం ఇచ్చారు, ఆఫ్రికా పాముల మందు వచ్చింది. నేను మీ నలుగురికీ చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. ఏ విషం ఇస్తే ఆ విషానికే మందు వస్తుంది. మన పాముల విషం ఆ ప్రయోగశాల బల్లల మీదికి చేరకపోతే, ఆ మందు ఎంత గొప్పదైనా మన చేలల్లో పనికొస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి గమనించండి. నేను చెప్పిన ఈ పరిశోధనలన్నీ నాగుపాము, కట్లపాము కుటుంబం మీద. పింజరుల మీద కాదు. మన దేశంలో పాముకాట్ల అధ్యయనాలను కలిపి చూస్తే రక్తపింజరి కాట్లు 43 శాతం, కట్లపాములవి 18 శాతం, నాగుపాములవి 12 శాతం. అంటే మనల్ని ఎక్కువగా కరిచే పాముకు కొత్త మందు ఇంకా దూరంలోనే ఉంది. రక్తపింజరి విషం నరాల మీద ఆగదు. రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, చిగుళ్లలోంచి, మూత్రంలో రక్తం వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. బతికినవాళ్లలో కొందరు డయాలసిస్ మీద పడతారు. ఒక్క రకం ప్రోటీను కాకుండా ఎన్నో ఎంజైములు కలిసిన విషం అది. ఒకటి రెండు యాంటీబాడీలతో అయ్యేపని కాదు. ఇందాక చెప్పిన వారెస్‌ప్లాడిబ్ మీద మాత్రం కొంత ఆశ ఉంది. అది ఈ విషాల్లో చాలావాటిలో ఉండే ఒక ఎంజైమును అడ్డుకుంటుంది, పైగా నోటితో మింగే రూపంలో ఇవ్వొచ్చు. మన దేశంలోనూ అమెరికాలోనూ పాముకాటు రోగుల మీద దాన్ని పరీక్షించారు. మొత్తం మీద చూస్తే అనుకున్న ఫలితం తేలలేదు. త్వరగా ఇచ్చినవాళ్లలో మేలు కనిపించే సూచనలున్నాయి. ఆశా కార్యకర్త సంచిలో ఉండే ఒక మందు, 108 వచ్చేలోపు ఇవ్వగల మందు, ఏదో ఒక రోజు ఉంటుందేమోనని తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

గుర్రం మందు నుంచి యాంటీబాడీ మందుకు మారడం మన దేశానికి కొత్త కాదు. పిచ్చికుక్క కాటుకు గాయం చుట్టూ వేసే సీరం గుర్రాల నుంచో, మనుషుల రక్తం నుంచో వచ్చేది. దాని బదులు ప్రయోగశాలలో తయారైన మోనోక్లోనల్ (ఒకే రకపు) యాంటీబాడీని మనవాళ్లే 2017లో మార్కెట్లోకి తెచ్చారు. రేబిస్ వైరస్ ఒక్కటే, పాములు అనేకం. అందుకే ఇక్కడ ఆలస్యం. ఆలస్యమైనా ఆ దారి మనకు తెలియని దారి కాదు.

మరి మన విషం ఎక్కడ ఉంది? దేశంలో మందుకు వాడే విషంలో అత్యధిక భాగం చెన్నై పక్కన వడనెమ్మేలి నుంచి, ఇరుల అనే గిరిజనుల పాములు పట్టేవారి సహకార సంఘం నుంచి వస్తుంది. పాము చర్మాల వ్యాపారం నిషేధమయ్యాక బతుకుతెరువు పోయిన ఇరులవాళ్లతో 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో మొదలైన సంఘం అది. పామును పట్టి, దాదాపు మూడు వారాలు మట్టికుండలో ఉంచి, వారానికోసారి విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తుపెట్టి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఎన్ని పాముల్ని పట్టాలో తమిళనాడు అటవీ శాఖ అనుమతి ఇస్తుంది. 2023లో ఆ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు పద్మశ్రీ వచ్చింది. నాకు పద్మ పురస్కారాల్లో అంతకంటే సంతోషం కలిగించింది ఇంకొకటి లేదు.

కానీ ఆ పాములు తమిళనాట రెండు మూడు జిల్లాల పాములు. ఒకే జాతి పాము ఒకచోట ఒక విషం, ఇంకోచోట ఇంకో విషం కలిగి ఉంటుందని బెంగళూరు శాస్త్రవేత్త కార్తీక్ సునగర్ బృందం ఏళ్ల తరబడి చూపిస్తూ వస్తోంది. 2025లో వాళ్లు దేశంలోని 34 చోట్ల నుంచి 115 రక్తపింజరుల విషం పరీక్షించారు. ఎండా వానా మారితే విషంలో ఎంజైముల పాళ్లు మారుతున్నాయి. పొడి ప్రాంతాల పాముల్లో ప్రోటీన్లను చీల్చే ఎంజైముల జోరు ఎక్కువ. అనంతపురం మెట్టలో తిరిగే రక్తపింజరి, కోనసీమ వరిచేలో తిరిగే రక్తపింజరి చూడ్డానికి ఒకటే. రెండింటి విషం ఒకటేనని నమ్మి మందు పోయలేం. ఇక తూర్పు కనుమల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) ఉంది. మన నాలుగు పాముల మందు దానికి పనిచేయదు.

అందుకే మొదటి విన్నపం. రెండు రాష్ట్రాలకూ కలిపి, లేదా చెరొకటి, విష సేకరణ కేంద్రం పెట్టండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 12వ సెక్షను ప్రాణాలు కాపాడే మందుల తయారీకి పాము విషం సేకరించడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఇచ్చింది. కొన్ని జాతులకు కేంద్రం అనుమతి కూడా కావాలి. కావాలంటే అడుగుదాం. చట్టం దారి మూయలేదు. హైదరాబాద్ దగ్గర తిమ్మాపూర్‌లోనే యాంటీవీనం తయారుచేసే కర్మాగారం ఉంది. హైదరాబాద్‌లోనే జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, అందులో అంతరించిపోతున్న జీవుల కోసం లాకోన్స్ ప్రయోగశాల ఉంది. మందు చేసేవాళ్లు, జన్యువులు చదివేవాళ్లు, పాములు, కాటు తినేవాళ్లు, అందరూ ఇక్కడే ఉన్నారు. మధ్యలో లేనిది మన పాముల విషం ఒక్కటే.

పాముల్ని పట్టేదెవరని అడుగుతారేమో. నెల్లూరు, ప్రకాశం, కృష్ణా, చిత్తూరు జిల్లాల్లో యానాదులున్నారు. చేలల్లో ఎలుకలు పట్టి రైతును కాపాడిన చేతులు అవి. పొద మీద గాలి చూసి పాము జాడ చెప్పగల పెద్దవాళ్లను చిన్నప్పుడు నేను చూశాను. మా నాన్నగారు వాళ్లను పిలిపించకుండా వరి కుప్ప వేసేవారు కారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల మీద కాపలాల్లో ఉన్నారు. ఆ చదువు ఇంకో తరంతో పోతుంది. ఇరులవాళ్లకు తమిళనాడులో దొరికిన సహకార సంఘం, లైసెన్సు, గౌరవం ఇక్కడ యానాదులకు ఎందుకు దొరకకూడదు? కూలీలుగా పెట్టుకోమనడం లేదు. సంఘం వాళ్లది కావాలి, విషం అమ్మకపు లెక్క వాళ్లకు తెలియాలి.

ఇంకొక వనరు ఇప్పటికే మీ చేతుల్లో ఉంది. ఇళ్లలోకి వచ్చిన పాముల్ని పట్టి వదిలేవాళ్లు ప్రతి పట్టణంలో తయారయ్యారు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి అటవీ శాఖతో కలిసి ఈ పని చేస్తోంది. అలా పట్టిన ప్రతి విషసర్పం ఎక్కడ దొరికింది, ఏ జాతి, ఎంత పొడవు అన్నది ఒకే తీరున రాసి, శిక్షణ పొందినవాళ్ల చేత, అనుమతితో, వదిలేముందు ఒక్క నమూనా విషం తీయిస్తే, రెండు మూడేళ్లలో మన జిల్లాల విషపటం తయారవుతుంది. ఆ పటం బెంగళూరుకైనా, డెన్మార్క్‌కైనా పంపి "మీ మందు మా పాముల మీద పనిచేస్తుందా?" అని అడిగే హక్కు మనకు వస్తుంది.

రెండో విన్నపం లెక్కల గురించి. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు నివారణకు జాతీయ ప్రణాళిక తెచ్చింది, 2030 కల్లా మరణాల్ని సగానికి తగ్గించాలని. అదే ఏడాది నవంబరులో పాముకాటు కేసుల్ని, మరణాల్ని తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకు రాసింది. ఉత్తర్వు కాగితం మీద ఉంటే చాలదు. ప్రైవేటు ఆసుపత్రి, ఆర్ఎంపీ, మంత్రం వేసే మనిషి, దారిలోనే పోయిన శవం, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ఏఎన్ఎం రిజిస్టరులో ఒక వరుస చాలు: ఏ పాము అనుకుంటున్నారు, ఎన్ని గంటలకు, ఎక్కడ పడుకున్నారు లేదా ఏం పని చేస్తున్నారు, మొదట ఎవరి దగ్గరికి వెళ్లారు, ఎన్ని వయల్స్ పెట్టారు. పాప పోయాక నేను ఒక నోటుబుక్కులో మా చుట్టుపక్కల ఊళ్ల కాట్లు ఇలాగే రాస్తూ వచ్చాను. దాన్ని తిరగేస్తే మాటిమాటికీ కనిపించేది రెండే: మోటరు వేయడానికి చీకట్లో వెళ్లడం, నేల మీద పడుకోవడం. రాత్రి కరెంటు ఇచ్చినన్నాళ్లు రాత్రి కాట్లు ఉంటాయి. ఇది విద్యుత్ శాఖకు కూడా మీరు చెప్పాల్సిన సంగతి.

మూడోది, కొత్త మందు వచ్చేదాకా ఉన్న మందునే సరిగా వాడటం. రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి శుభ్రమైన పొడి గాజు పరీక్షనాళికలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే గడ్డకట్టిందో లేదో తెలుస్తుంది. కట్టకపోతే పింజరి విషం ఎక్కిందని చాలావరకు అనుకోవచ్చు. దీనికి ల్యాబు అక్కర్లేదు, టెక్నీషియన్ అక్కర్లేదు. ప్లాస్టిక్ నాళిక కాకుండా గాజుది ఉండాలి, సబ్బుతో కడిగింది కాకూడదు. ఈ ఒక్క గాజు నాళిక లేక చాలా చోట్ల పరీక్ష జరగడం లేదని నాకు తెలిసిన నర్సమ్మలు చెబుతారు. నాగుపాము కాటుకు ఏఎస్‌వీతోపాటు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇంజెక్షన్లు. ప్రతి 108లో అంబు బ్యాగు, దాన్ని ఆపకుండా నొక్కడం నేర్చిన చేయి. పీహెచ్‌సీ డాక్టరు మొదటి విడత మందు పెట్టాకే పైకి పంపాలన్న నియమం. రోగికి రియాక్షన్ వచ్చినా, నియమం పాటించిన డాక్టరుకు అండగా ఉంటామన్న మీ ఉత్తర్వు. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ ఫ్రిజ్‌లోనే ఉంటాయి. ఇరవైల వయసులో, ఒంటరిగా, రాత్రి డ్యూటీలో ఉన్న ఆ డాక్టరమ్మ భయాన్ని నేను తప్పుపట్టలేను. ఆ భయం పోగొట్టే బాధ్యత ఆమెది కాదు, మీది.

2018 ఆగస్టులో దివిసీమలో నెలలోపే వందకు పైగా కాట్లు నమోదైనప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి హోమం చేశారు. అక్కడి జనం ఎంత భయపడ్డారో నాకు తెలుసు, మా బంధువులు అవనిగడ్డలో ఉన్నారు. హోమం చేసినందుకు నాకు అభ్యంతరం లేదు. మనిషికి ధైర్యం కావాలి. మేమూ నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళతాం. నేను కోరేది, అలాంటి ఏడాది మళ్లీ వస్తే, వాన పడి కలుగులు మునిగి పాములు గట్లెక్కే వారంలోనే, వయల్స్‌తోపాటు అటవీ శాఖ మనుషులు కూడా ఆ ఊళ్లలో ఉండాలని. ఏ పాము ఎందుకు గట్టెక్కిందో చెప్పడానికి, నీరుకట్టెనూ రక్తపింజరినీ విడదీసి చూపించడానికి.

ఎందుకంటే భయంలో జనం అన్నిటినీ చంపుతారు. జెర్రిపోతును చంపుతారు, నీరుకట్టెను చంపుతారు, కొండచిలువ పిల్లను రక్తపింజరి అనుకుని చంపుతారు. ఆ తర్వాత ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల వెంట నాగుపాము, రక్తపింజరి ఇంటి గోడ దాకా వస్తాయి. రెండుతలల పాముతో అదృష్టం వస్తుందని నమ్మించి లక్షలకు అమ్మే ముఠాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఉత్తరాంధ్రలో మాత్రం మంచి మార్పు ఒకటి చూస్తున్నాం. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము లోకంలో గిరినాగు ఒక్కటే. ఒకప్పుడు కనిపిస్తే కొట్టి చంపిన ఊళ్లలోనే ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీవాళ్లు నచ్చజెప్పి, ఆ గూళ్లకు ఊరివాళ్లనే కాపలా పెట్టారు. ఆ పనిలో వైద్య శాఖ కూడా ఉంటే, అదే ఊళ్లో అదే రోజు "కరిస్తే ఏం చేయాలి" అని కూడా చెప్పగలిగితే, వినేవాళ్లు ఇంకా ఎక్కువగా నమ్ముతారు. పామును చంపొద్దని చెప్పే మనిషి, కరిస్తే బతికిస్తామని కూడా చెప్పగలగాలి. రైతు అడిగేది ఆ రెండో మాటే.

నాలుగు శాఖలూ ఒక్కసారి ఒక గదిలో కూర్చోండి. ఏ జిల్లా కేంద్రమైనా సరే. ఒక అనస్థీషియా డాక్టరును, ఒక 108 టెక్నీషియన్‌ను, పాముల్ని పట్టే కుర్రాళ్లను, ఒక యానాది పెద్దను, ఏఎస్‌వీ తయారుచేసేవాళ్లను, సీసీఎంబీ నుంచి ఒకరిని పిలవండి. ఈ జూన్‌లోపే అయితే మంచిది, దుక్కులు మొదలవుతాయి. తొమ్మిదేళ్ల నా నోటుబుక్కు జిరాక్సు తీయించి పెట్టాను. పేర్లు కొట్టేశాను. ఎవరికి పంపమంటే వాళ్లకు పంపుతాను, రమ్మంటే నేనే తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, రైతు